రేణిగుంట వైపు కంపెనీల్లో పిలకాయలు ఎందుకు నిలబడటం లేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్ విడిభాగాలు చేసే కంపెనీలో హెచ్‌ఆర్ చూస్తున్నారు. నెలకు వంద మందిని చేర్చుకుంటే మూడో నెల దాటేసరికి సగం మంది కూడా మిగలడం లేదు. జీతం 500 పెంచి చూశారు, తేడా రాలేదు. ఇప్పుడు పైవాళ్ళు మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని బాండ్ రాయించుకోమంటున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మన దగ్గరే పెట్టుకోమంటున్నారు. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అన్నది మీ ప్లాంట్ హెడ్ గారి అభిప్రాయం.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో నేను చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. కాబట్టి ముందు ఆ ఓపిక మాటకే జవాబు చెబుతాను. మీ దగ్గర రెండు నెలలకు మానేసిన కుర్రాడే కానిస్టేబుల్ ఉద్యోగం కోసం మూడేళ్ళపాటు తెల్లవారుజామున లేచి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరుగు తీస్తాడు. మీ దగ్గర నెలకే మానేసిన అమ్మాయి డీఎస్సీ కోసం ఏళ్ళ తరబడి కోచింగ్ సెంటర్‌లో కూర్చుంటుంది. వీళ్ళకు ఓపిక లేకపోవడమేంటి? ఆ ఓపికను మీ ఉద్యోగం మీద పెట్టకూడదని వాళ్ళు నిర్ణయించుకున్నారు, అంతే. ఆ నిర్ణయం ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీసుకుంటున్నారో తెలియకుండా మీరు ఎన్ని వందలు పెంచినా ఫలితం ఉండదు.

నేను గమనించిన మేరకు ఆ నిర్ణయం వాళ్ళు పనిచేసే మీ అసెంబ్లీ లైన్ మీద జరగదు. కొంత ఊళ్ళో, ఇంట్లో జరుగుతుంది. కొంత హాస్టల్ గదిలో రాత్రిపూట జరుగుతుంది. మీ చేతికి రాజీనామా వచ్చేటప్పటికి అది పాతబడిపోయి ఉంటుంది.

మా తరం చేరిన రోజులు వేరు. తిరుపతి చుట్టుపక్కల ఐటీఐ చదివినవాడికి కరకంబాడి అమరరాజా, సెట్టిపల్లి రైల్వే క్యారేజ్ షాపు లాంటివి ఒకటి రెండే కనిపించేవి. దొరికిందే భాగ్యమని పట్టుకునేవాళ్ళు. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ మొదలయ్యాక లెక్క మారింది. ఇసుజు, డైకిన్, ఆల్‌స్టామ్ అక్కడికే వచ్చాయి. ఆ చుట్టుపక్కలే హీరో, అపోలో టైర్స్ వచ్చాయి. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ కంపెనీలు వచ్చాయి. ఇవతల శ్రీపెరంబుదూరు, అవతల హోసూరు, బెంగళూరు ఎప్పుడూ ఉన్నవే. కుప్పం పిలకాయలు పొద్దున రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. అంటే మీ దగ్గర చేరేవాడికి మీరు ఒక్కరే దిక్కు కాదు. ఆ సంగతి మీ ప్లాంట్ హెడ్ గారికన్నా వాడికే బాగా తెలుసు, వాడి ఫోన్‌లో నాలుగు వాట్సాప్ గ్రూపులు ఉంటాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. మన జిల్లాలో పెద్దవాళ్ళకు ప్రైవేటు ఫ్యాక్టరీ మీద నమ్మకం తక్కువ, దానికి కారణం ఉంది. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడటం వాళ్ళు చూశారు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఆగిపోవడం చూశారు. బకాయిల కోసం తిరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఆ తండ్రి కొడుకును మీ దగ్గరికి పంపేటప్పుడు "ఏదో ఒకటి, గవర్నమెంటు నోటిఫికేషన్ పడేదాకా చెయ్యి నాయనా" అనే పంపుతాడు. ఆ మాటతో వచ్చిన పిల్లవాడు చేరిన రోజే సగం బయట ఉన్నాడు.

అందుకే మీ వంద మందిని ఒకే ముద్దగా చూడకండి. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ వచ్చినవాళ్ళు కొందరు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా పోస్టులు పడినప్పుడు, మొన్న 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ జరిగినప్పుడు ఈ వర్గం ఒక్కసారిగా ఖాళీ అయింది. మళ్ళీ పడితే మళ్ళీ ఖాళీ అవుతుంది. దాన్ని మీరు ఆపలేరు, ఆపకూడదు కూడా. పెళ్ళికి నాలుగు కాసులు కూడబెట్టుకుందామని వచ్చిన ఆడపిల్లలు కొందరు. వీళ్ళు రెండు మూడేళ్ళు చక్కగా చేస్తారు, మీరు మొదటి నెలలో పోగొట్టుకోకపోతే. డిప్లొమా, ఐటీఐ చేసిన పిలకాయలు ఏడాది అనుభవం సర్టిఫికెట్ కోసం వస్తారు, వాళ్ళ చూపు ముందే శ్రీపెరంబుదూరు మీద ఉంటుంది. పీలేరు, రాయచోటి వైపు నుంచి వచ్చినవాళ్ళలో కువైట్ వీసా కోసం ఆగి ఉన్నవాళ్ళు తగులుతారు. ఇక పెళ్ళయి, ఊళ్ళో రెండెకరాలు ఉండి, రాత్రికి ఇల్లు చేరితే చాలనుకునేవాళ్ళు ఉంటారు. ముప్పై దాటిన డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళూ అంతే. మీకు నిలబడేది వీళ్ళే, కానీ మీ రిక్రూట్‌మెంట్ ప్రకటనలో "18 నుంచి 25 ఏళ్ళు" అని రాసి వీళ్ళను గేటు బయటే ఆపేస్తున్నారు. చేతివేళ్ళ చురుకు కోసం ఆ వయసు పెట్టామంటారు. ముప్పై అయిదేళ్ళ ఆవిడ రెండు వారాలు ఆలస్యంగా స్పీడు అందుకుంటుంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏది లాభమో మీరే లెక్క వేయండి.

జీతం సంగతి. పెంచినా ఫలితం రాలేదని రాశారు. పారిశ్రామిక చరిత్రలో జీతంతో మనుషులు నిలబడిన ఉదాహరణ ఒకటి బాగా తెలిసిందే. 1913లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 14,000 మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో 52,000 మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు అని ప్రకటించారు. అంతకు ముందు ఇచ్చేదానికి అది రెట్టింపుకు దగ్గర. దాంతోపాటు పనిని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించారు. మానేసేవాళ్ళ సంఖ్య పడిపోయింది. దాని అర్థం ఏమిటంటే, జీవితం గురించి వేసుకున్న లెక్కనే మార్చేంత పెంపు అయితే జీతం పనిచేస్తుంది. 500 పెంచితే పక్క కంపెనీ వచ్చే నెల 600 పెంచుతుంది. మీరు రెట్టింపు ఇవ్వలేరు. అలాంటప్పుడు ఉన్న జీతాన్నే సరిగ్గా చెప్పి, సరిగ్గా ఇవ్వడం మీద దృష్టి పెట్టండి.

ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం మంది పోయేది ఇక్కడే. ఏజెంట్ ఊళ్ళో "నెలకు పదిహేను వేలు" అంటాడు. బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం, అంటే 1,440 పోతుంది. ఈఎస్‌ఐ మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 113 పోతుంది. మిగిలేది 13,447. హాస్టల్, క్యాంటీన్, బస్సు కోతలు ఉంటే ఇంకా దిగుతుంది. దీనికన్నా పెద్ద దెబ్బ అటెండెన్స్ కటాఫ్. చాలా కంపెనీల్లో నెలలో 20వ తేదీనో 25వ తేదీనో హాజరు క్లోజ్ చేస్తారు. 16న చేరిన పిల్లకు వచ్చే నెల 7న పడేది అయిదు రోజుల జీతం, రెండు వేల చిల్లర. మిగతాది ఆ పై నెలలో వస్తుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. ఇంట్లో అమ్మకు "ఏడో తేదీ పంపిస్తానమ్మా" అని చెప్పి ఉంటుంది. షిఫ్టు అయ్యాక లాకర్ లోంచి ఫోన్ తీసి, బ్యాంకు మెసేజ్ చూసి, మళ్ళీ మళ్ళీ చూసి, పక్క పిల్ల ఫోన్ అడిగి దాంట్లో ఎంత పడిందో చూసి, ఏమీ మాట్లాడకుండా బ్యాగు సర్దుకున్న అమ్మాయిలను నేను కళ్ళారా చూశాను. పొద్దున బస్సులో ఆ సీటు ఖాళీ. కంపెనీ మోసం చేసిందని ఊళ్ళో చెబుతుంది. ఆ పిల్ల చెప్పింది అబద్ధమూ కాదు, ఆమెకు కనిపించింది అదే.

మీరు చేయగలిగింది సులువు. చేర్చుకునే రోజే ఆ మనిషికి, వీలైతే వెంట వచ్చిన తల్లికో తండ్రికో, మొదటి నెల ఎంత పడుతుందో, రెండో నెల ఎంత పడుతుందో తెలుగులో రాసిన కాగితం చేతికివ్వండి. నెల మధ్యలో చేరినవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చే ఏర్పాటు చేయండి. పీఎఫ్‌కు కంపెనీ కూడా అంతే వేస్తుందని, యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబరు ఎక్కడికి పోయినా వెంట వస్తుందని, పదేళ్ళ సర్వీసు ఉంటే పింఛను హక్కు వస్తుందని చెప్పండి. ఇరవై ఏళ్ళ పిల్లకు పింఛను పట్టదు, కానీ పక్కన కూర్చున్న నాన్నకు పడుతుంది. ఆ నాన్న మీద ఆధారపడినవాడైతే ఈఎస్‌ఐలో ఆయనకూ వైద్యం ఉంటుందని, తిరుపతిలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉందని చెబితే ఇంకా బాగా పడుతుంది.

పని కష్టం కూడా ముందే చెప్పండి. ఎనిమిది గంటలు నిలబడాలి, ఫోన్ లోపలికి రాదు, చేతికి స్టాటిక్ బ్యాండ్ కట్టుకోవాలి, ఒకే చిన్న స్క్రూ రోజంతా బిగించాలి, మూడు వారాలకోసారి నైట్ షిఫ్టు వస్తుంది అని చెప్పి, పది నిమిషాలు లైన్ చూపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి. వందకు ఇరవై మంది ఆ రోజే వెనక్కి పోతే పోనివ్వండి. వాళ్ళు ఎలాగూ పోయేవాళ్ళే, ట్రైనింగ్ ఖర్చు మిగిలింది. ఉన్నదున్నట్టు విని వచ్చినవాళ్ళు తొందరగా మానరన్నది ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్ళు కూడా ఎప్పటి నుంచో చెబుతున్న మాటే.

ఇక మానేసేటప్పుడు నింపించే ఫారం. దాంట్లో "పర్సనల్" అని ఉంటే దాన్ని నమ్మి ఫైల్ చేయకండి. పుత్తూరు వైపు పల్లె నుంచి వచ్చే ఓ అమ్మాయి అలాగే రాసి మానేసింది. పని బాగా చేసేది, రిజెక్షన్లు దాదాపు లేవు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న తీశాడు. "సార్, పని ఎట్లుందో నాకు తెలీదు. రాత్రి పదకొండుకు మెయిన్ రోడ్డు మీద దించేసి పోతా ఉండారు. ఆడ నుంచి ఊళ్ళోకి కిలోమీటరున్నర, దోవలో లైట్లు లేవు. నేను పొద్దునే పాలకు లేయాల, దినామూ టార్చి ఎత్తుకోని యాడొచ్చేది?" అన్నాడు. బస్సును ఊళ్ళోకి తిప్పితే పదిహేను నిమిషాలు ఎక్కువ. ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టరుతో వారం గొడవపడి తిప్పించాం. ఆ అమ్మాయి తిరిగి వచ్చింది, పక్క రెండు ఊళ్ళ నుంచి కొత్తవాళ్ళు కూడా వచ్చారు. ఉద్యోగం చేసేది కూతురు, నిర్ణయం తీసుకున్నది తండ్రి, కారణం రోడ్డు. మీ కంప్యూటర్‌లో మాత్రం అది "పర్సనల్".

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక జనరల్ షిఫ్టుకు ఇబ్బంది కొంత తగ్గింది. రెండో షిఫ్టు వదిలే వేళకు పల్లెకు పోయే బస్సు ఉండదు. అక్కడ మీ బస్సే గతి. ఆ రూట్ మ్యాపును హెచ్‌ఆర్ వాళ్ళు ఒక రాత్రి స్వయంగా బస్సెక్కి చూడాలి.

హాస్టల్ గురించి ఎక్కువ చెప్పను: నీళ్ళు, బాత్‌రూములు, అన్నం. ఈ మూడూ సరిగ్గా లేకపోతే మిగతావి మాట్లాడటం వృథా.

ఒక్కో లైన్‌లో పని చూసుకునే లైన్ లీడర్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక మాట చెప్పాడు. ఉన్నచోట బాగా లేనప్పుడు మనిషికి రెండు దారులు: నోరు విప్పి చెప్పడం, లేచి వెళ్ళిపోవడం. మొదటి దారి మూసేస్తే అందరూ రెండోది పడతారు. మన ఫ్యాక్టరీల్లో ఆ మొదటి దారికి తలుపు లైన్ లీడరే. అక్క సీమంతానికి ఒక రోజు సెలవు అడిగితే, గంగమ్మ జాతరకు సగం రోజు అడిగితే, పదిమందిలో "ఇంట్లో కూర్చోపో" అన్నాడనుకోండి, ఆ పిల్ల ఇంట్లోనే కూర్చుంటుంది. అతను చెడ్డవాడని కాదు. టార్గెట్ బాగా తీస్తున్నాడని నిన్నటిదాకా ఆపరేటర్‌గా ఉన్న ఇరవై నాలుగేళ్ళ కుర్రాడిని లీడర్ చేశారు. నలభై మందితో ఎలా మాట్లాడాలో అతనికి ఎవరూ నేర్పలేదు. పైనుంచి గంటకోసారి ఫోన్, కింద నలుగురు ఆబ్సెంట్, అతని టెన్షన్ అతనిది. అతనికి ఇద్దరు అదనపు ఆపరేటర్లను, సెలవు ఇచ్చే అధికారాన్ని ఇవ్వండి. మాట తీరు మీద ట్రైనింగ్ ఇవ్వండి. మానేసినవాళ్ళ లెక్కను లైన్‌వారీగా తీయండి. ఒకే ప్లాంట్‌లో, ఒకే జీతంలో, మూడో లైన్‌లో జనం నిలబడి అయిదో లైన్‌లో నిలబడకపోతే కారణం జీతంలో లేదు.

డిప్లొమా పిలకాయల విషయం వేరు. వాళ్ళకు సెలవు, బస్సు కన్నా ముందు దారి కనిపించాలి. "సార్, పర్మనెంట్ చేస్తారా?" అని అడుగుతారు. మీవాళ్ళు "పెర్ఫార్మెన్స్ బట్టి" అంటారు. ఆ జవాబు విన్న రోజే వాడు శ్రీపెరంబుదూరులో ఉన్న సీనియర్‌కు మెసేజ్ పెడతాడు. ఎన్ని నెలలకు ఏ పరీక్ష, పాసైతే ఏ గ్రేడు, ఎంత జీతం, ఏడాదికి ఎంతమందికి ఇస్తారు, ఇవన్నీ గోడ మీద రాసి పెట్టండి. రాసింది చేయండి. ఒక్క ఊరి నుంచి ఒక్కడు కాంట్రాక్ట్ నుంచి పర్మనెంట్ అయ్యాడంటే ఆ ఊరికి మీరు ప్రకటన ఇవ్వాల్సిన పని లేదు. ఐటీఐ వాడికి మీ ఖర్చుతో డిప్లొమా చదివే అవకాశం ఇస్తే మూడేళ్ళు ఉంటాడు, బాండ్ లేకుండానే ఉంటాడు. పర్మనెంట్ చేయలేని చోట ఫిక్స్‌డ్ టర్మ్‌లో, అంటే ఇన్నాళ్ళని రాసుకున్న ఒప్పందం మీద, నేరుగా కంపెనీ పేరు మీద తీసుకోండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చారు. పాత పద్ధతిలో అయిదేళ్ళు ఆగాల్సి వచ్చేది. కాంట్రాక్టర్ల కింద చేసేవాడికి ఐడీ కార్డు మీద పేరే కంపెనీది కాదు. అలాంటివాడు కంపెనీని తనది అనుకోవాలని మనం ఏ ముఖంతో అడుగుతాం?

మీ పైవాళ్ళకు అర్థం కావాల్సిన అసలు విషయం ఒకటుంది. రిక్రూట్‌మెంట్ ఒకటి, నిలబెట్టుకోవడం ఇంకొకటి అని రెండు డిపార్ట్‌మెంట్లుగా చూస్తున్నారు. అవి రెండూ ఒకటే. ఈ నెల మానేసినవాళ్ళు ఊళ్ళో ఏం చెబుతారో దాన్ని బట్టే మూడు నెలల తర్వాత మీ గేటు దగ్గరికి వచ్చేవాళ్ళెవరో తేలుతుంది. మంచి పేరు ఉన్న కంపెనీకి నిలబడదామనుకునేవాళ్ళు వస్తారు. చెడ్డ పేరు వచ్చిన కంపెనీకి ఎక్కడా దొరకనివాళ్ళు, రెండు నెలలు గడుపుదామనుకునేవాళ్ళు మాత్రమే వస్తారు. వాళ్ళు ఎలాగూ మానతారు, పేరు ఇంకా చెడుతుంది. మీరిప్పుడు ఉన్నది ఆ సుడిలోనే. ఒక్క కంపెనీ సంగతి కూడా కాదిది. పది కంపెనీలు ఇలాగే చేస్తే "రేణిగుంట కంపెనీలా? వద్దులే" అనే మాట మొత్తం పల్లెల్లో పడిపోతుంది. అప్పుడు అందరూ ఏజెంట్లకు తలకింత అని ఇచ్చి ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకోవాల్సి వస్తుంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చే పిల్లలు బాగా పనిచేస్తారు, వాళ్ళను తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ జీతం కాగితం, బస్సు, లీడర్ నోరు బాగుచేయకుండా మనుషులను మాత్రం మారిస్తే వాళ్ళూ దసరాకో, బిహార్ వాళ్ళ ఛఠ్ పండగకో ఇంటికి పోయి తిరిగి రారు.

కాబట్టి మానేసేవాళ్ళను మర్యాదగా పంపండి. కొత్త వేతనాల కోడ్ ప్రకారం మానేసిన రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం ఇచ్చేయాలి. రిలీవింగ్ లెటర్ చేతికివ్వండి. "అక్కడ కుదరకపోతే మళ్ళీ రా నాయనా" అని లీడర్ నోటితో చెప్పించండి. శ్రీపెరంబుదూరులో గది అద్దె, తిండి పోగా మిగిలేది చూసుకుని ఆరు నెలలకు తిరిగి వచ్చేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళకన్నా గట్టిగా నిలబడేవాళ్ళు ఉండరు. వాళ్ళను కొత్తవాళ్ళుగా కాకుండా పాత గ్రేడులోనే తీసుకోండి.

బాండ్ గురించి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కింద బాండ్ ఉన్నా సహేతుకమైన నష్టపరిహారం వరకే కోర్టు ఒప్పుకుంటుంది, అందులో రాసిన మొత్తమంతా రాదు. వారం రోజుల ట్రైనింగ్‌కు మీరు చూపగలిగే నష్టం ఎంత? పదిహేను వేల జీతగాడి మీద కేసు వేయడానికి వకీలు ఫీజు అంతకన్నా ఎక్కువ అవుతుంది.

సర్టిఫికెట్ల మాట మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను, చేయకండి. పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్ ఆ పిల్లల ఆస్తి. అది మీ బీరువాలో ఉన్నంతకాలం వాళ్ళు ఇంకో పరీక్షకు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పోలేరు, ఇంకో ఇంటర్వ్యూకు పోలేరు. అది కట్టేసి ఉంచడమే. ఈ సంగతి ఒక్క కోచింగ్ సెంటర్‌లో తెలిసినా మంచి చదువున్నవాడు ఒక్కడూ మీ గేటు వైపు రాడు. పైవాళ్ళు ఒత్తిడి చేస్తే ఒరిజినల్స్ చూసి, జిరాక్స్ తీసుకుని, వెంటనే తిరిగి ఇచ్చే పద్ధతిని రాతపూర్వకంగా పెట్టించండి. ఇప్పటికే ఎవరివైనా తీసుకుని ఉంటే, సంతకం పెట్టించుకుని ఈ వారంలోనే ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి.